అమ్మాయిని పిలిచి అడిగారా?
(రేడియో ప్రసంగ పాఠం)

వాక్య భాగములు: ఆదికాండము 24:50–60; 34:1–31

ఈ దినము మన ఇండ్లలో మెల్లగా మాట్లాడుకొనే ఒక సంగతిని బయటికి తెచ్చి వాక్యపు వెలుగులో ధ్యానించుకుందాం. అది పిల్లల ప్రేమ, పెద్దల పరువు.

గోదావరికి ఇటు కరీంనగర్, అటు ఆదిలాబాద్. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబాయి కాలనీలలో అన్ని కులాలవారు పక్కపక్క క్వార్టర్లలో ఉంటారు. పిల్లలు ఒకే బడికి, ఒకే కాలేజీకి పోతారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎందరో తండ్రులు గల్ఫ్‌లో ఉంటారు. ఇంటి దగ్గర నిర్ణయం మేనమామదో, పెదనాన్నదో, కులపెద్దదో అవుతుంది. పిల్లలు కలిసి పెరగవచ్చును గాని, పెండ్లి మాట వచ్చేసరికి ఊరు మళ్లీ వాడలుగా చీలిపోతుంది.

ఆ చీలిక ఎంతదూరం పోతుందో మనం చూశాం. 2018 డిసెంబరులో మంచిర్యాల జిల్లా జన్నారం మండలం కలమడుగులో, వేరే కులపు అబ్బాయిని పెండ్లాడిన యువతి హత్యకు గురైంది. పోలీసులు అరెస్టు చేసినది కన్న తల్లిదండ్రులనే. అంతకు మూడు నెలల ముందు, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో ప్రణయ్ అనే దళిత క్రైస్తవ యువకుని గర్భవతియైన భార్య కళ్లెదుటే ఆసుపత్రి బయట నరికివేశారు. ప్రధాన నిందితుడైన ఆ అమ్మాయి తండ్రి విచారణ ముగియకముందే 2020లో మరణించాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు విధించింది. పరువు నిలిచిందా? రెండు కుటుంబాలు కూలిపోయాయి.

పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని దాచలేదు. ఆదికాండము 34లో యాకోబు కుమార్తె దీనాకు షెకెము అన్యాయము చేశాడు. అది నేరమే, ప్రేమ కాదు. అయితే తరువాత ఏమి జరిగింది? హమోరు మాట్లాడాడు, షెకెము మాట్లాడాడు, అన్నలు మాట్లాడారు, యాకోబు మాట్లాడాడు. దీనా పలికిన ఒక్క మాట కూడా అక్కడ లేదు! ఆమెను ఎవరూ అడగలేదు. షిమ్యోను, లేవి కత్తి పట్టి, ఒకడు చేసిన తప్పుకు ఊరిలోని మగవారినందరిని చంపారు. చెల్లెలి పేరు చెప్పారు గాని, తీర్చుకున్నది తమ కోపాన్ని. మరణశయ్య మీద యాకోబు వారి కోపాన్ని శపించాడని 49వ అధ్యాయములో చదువుతాం.

ఇప్పుడు 24వ అధ్యాయానికి రండి. రిబ్కా కోసం అబ్రాహాము సేవకుడు వచ్చాడు. తండ్రి, అన్న సరేనన్నారు. అయినా మర్నాడు ప్రయాణం వేళకు ఆ ఇంటివారు ఆమెను పిలిచి, ఇతనితో వెళ్తావా అని అడిగారు. వెళ్తానని ఆమె నోటితో చెప్పింది. అప్పుడు దీవించి పంపారు. అడిగిన ఇంట్లో దీవెన వినబడింది. అడగని ఇంట్లో కత్తి లేచింది.

కొందరు 2 కొరింథీయులకు 6:14 చూపించి, జోడు కుదరదు గదా అంటారు. ఆ వాక్యం విశ్వాసమును గూర్చినది, కులమును గూర్చినది కాదు. విశ్వాసం ఒకటేనా అని తల్లిదండ్రులు అడగవలసిందే. కాని ఇద్దరూ ఒకే బల్లలో పాలుపొందేవారై ఉండి, మాలా, మాదిగా అని మనమే అడ్డుపడితే ఆ వాక్యం మన పక్షాన లేదు. మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లాడినందుకు గొణిగిన మిర్యాముకు కుష్ఠు వచ్చింది. ఏడు దినాలు పాళెము బయట ఉన్నది మోషే భార్య కాదు, మిర్యామే!

మరి మనమేమి చేయాలి?

తల్లిదండ్రులారా, బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. చుట్టాల ఎదుట అడిగితే భయమే జవాబు చెబుతుంది. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. తలుపు మాత్రం మూయకండి.

యౌవనులారా, దాచిన ప్రేమ పరీక్షకు నిలిచిన ప్రేమ కాదు. పెద్దలకు చెప్పండి, వేచియుండండి. ఇంట్లో ప్రాణభయం ఉంటే మాత్రం ఒంటరిగా వెళ్లి చెప్పకండి, పెద్దమనిషిని తోడు తీసుకొనండి.

సంఘ పెద్దలారా, రాత్రికి రాత్రి రహస్యంగా పెండ్లి చేయకండి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాయా చూడండి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద మతం మారకుండానే పెండ్లి చేసుకోవచ్చు. అయితే 30 దినాల నోటీసు కార్యాలయంలో అందరికీ కనబడేలా పెడతారు. ప్రమాదమున్న జంటకు ఆ నెల రోజులే గండం. అప్పుడు పోలీసు రక్షణ అడగడం అవిశ్వాసం కాదు. ఇద్దరు మేజర్ల పెండ్లికి కుటుంబం గాని కులం గాని ఒప్పుకోవలసిన పనిలేదనీ, బెదిరింపులుంటే రక్షణ కల్పించాలనీ 2018 మార్చి 27న సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో చెప్పింది.

మోయాబీయురాలైన రూతును బేత్లెహేము పెద్దలు గుమ్మము దగ్గర దీవించారు. ఆమె వంశములోనే దావీదు, ఆ వంశములోనే మన ప్రభువు వచ్చారు. ఆనాడు ఆ ఊరు ఆమెను వెళ్లగొట్టియుంటే? ఈ రాత్రి మీ ఇంట్లో మాట్లాడలేక మౌనంగా ఉన్న బిడ్డ ఉన్నదేమో, పిలిచి అడగండి.

ప్రార్థన: తండ్రీ, మా కోపమును మా పరువని పిలుచుకొనకుండ మమ్మును కాపాడుము. మా బిడ్డల మాట వినే చెవులు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.