ముసలితనంలో కండ నిలవాలంటే

నడివయసు దాటినప్పటి నుంచి మనిషి ఒంట్లో కండ కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. అరవై దాటాక ఆ తరుగు వేగం పుంజుకుంటుంది. వైద్యులు దీన్ని సార్కోపీనియా అంటారు. బీపీ, షుగర్ల గురించి ఊరూరా మాట్లాడుకుంటారు గానీ కండ సంగతి ఎవరికీ పట్టదు. కండ కరిగితే కాలు తూలుతుంది, పడితే తుంటి ఎముక విరగవచ్చు. ఆ తర్వాత మళ్లీ లేచి తిరగడం అందరి వల్లా కాదు.

కండ నిలవాలంటే ప్రొటీన్ కావాలి. సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దు దగ్గరున్న నారాయణఖేడ్ వైపు పాతకాలం తిండి జొన్న రొట్టె, పప్పు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 నాటి పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల ప్రొటీన్, 10 గ్రాముల పీచు ఉంటాయి. మరపట్టిన బియ్యంలో ప్రొటీన్ 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపే. అయితే అసలు బలం జొన్నదొక్కదానిదే కాదు, జొన్నా కందీ కలిసిన జంటది. జొన్నలో తక్కువపడే లైసీన్ అనే అమైనో ఆమ్లం కందిపప్పులో దండిగా ఉంటుంది. పప్పులో కొరవడే మిథియోనిన్‌ను జొన్న కొంత పూరిస్తుంది.

1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చిన మాట నిజం, కంచంలో జొన్నను పక్కకు నెట్టిన మాటా నిజమే. అదే దశకంలో పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల సాగును మళ్లీ నిలబెట్టే పనికి పూనుకున్నాయి. ఆ కృషికి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ అనే అంతర్జాతీయ పురస్కారం దక్కింది. అలాగని జొన్న మందు కాదు. షుగర్ ఉన్నవాళ్లు లెక్క లేకుండా రొట్టెలు తింటే షుగర్ పెరుగుతుంది.

చిక్కు పళ్ల దగ్గర వస్తుంది. పళ్లు ఊడినవాళ్లు రొట్టె నమలలేక మెత్తటి అన్నం, చారుతో సరిపెట్టుకుంటారు. ప్రొటీన్ ఎక్కువ కావలసిన వయసులోనే అది పడిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చెబితే, వృద్ధులకు 1 నుంచి 1.2 గ్రాములు మేలని పలువురు నిపుణుల మాట. 50 కిలోల మనిషికి అది 50 నుంచి 60 గ్రాములు. రొట్టెను చిక్కటి పప్పులో నానబెట్టినా, జొన్న రవ్వతో మెత్తగా గట్క వండినా, గుడ్డు, పెరుగు చేర్చినా ఆ లోటు చాలావరకు తీరుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే ప్రొటీన్ పెంచుకోవాలి. కట్టుడు పళ్లు పెట్టించుకోవడాన్ని సోకుగా చూడకూడదు, అది తిండికి సంబంధించిన విషయం.

తిన్న ప్రొటీన్ కండగా మారాలంటే ఒంటికి పని ఉండాలి. జీవితమంతా పొలంలో చాకిరీ చేసినవాళ్లకు వ్యాయామం ఎందుకని చాలామంది అనుకుంటారు. కానీ పని మానేసిన కొన్ని వారాలకే పాత బలం జారడం మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి శ్రమ చేయాలి, రెండు రోజులైనా కండబలం పెంచే కసరత్తు చేయాలి, మూడు రోజులు ఒంటి నిలకడ కాపాడే కదలికలు చేయాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదేపదే లేచి కూర్చోవడం, గోడ దగ్గర ఒంటికాలి మీద నిలబడటం కండబలానికి, నిలకడకు పనికొస్తాయి.

తిండిలో ఇంకో జాగ్రత్త: ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదు. పచ్చళ్లు తినే ఇళ్లలో ఇది కష్టమే. బీడీ, గుట్కాలు ఎంత వయసులో మానినా లాభమే.

ముసలితనంలో పడిపోకుండా, మతి తప్పకుండా ఉండాలంటే చూపు, వినికిడి కూడా ముఖ్యమే. మతిమరుపు జబ్బుల్లో దాదాపు 45 శాతానికి మార్చుకోదగ్గ కారణాలున్నాయని 2024లో లాన్సెట్ కమిషన్ తేల్చింది. ఆ 14 కారణాల్లో వినికిడి లోపం, వైద్యం అందని చూపు లోపం కూడా ఉన్నాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాలు ఊళ్లలోనే కళ్లు పరీక్షించి అద్దాలిచ్చాయి. శుక్లాలు తీయించుకుంటే గడప, మెట్టు స్పష్టంగా ఆనుతాయి, తట్టుకుని పడటమూ తగ్గుతుంది. చెవి మందగించిందన్న సంగతి మాత్రం పెద్దవాళ్లు చాలాకాలం ఒప్పుకోరు. టీవీ శబ్దం పెరుగుతూ పోతుంటే ఇంట్లోవాళ్లే గమనించి పరీక్ష చేయించాలి.