గుర్రం నీరసపడితే ఐరన్ టానిక్కేనా?

పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రమైనా, విశాఖ బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకునేదైనా, మలక్‌పేటలో పందెం పరుగెత్తేదైనా సరే, నాలుగు రోజులు నీరసంగా ఉండి చిగుళ్లు పాలిపోతే యజమాని చెయ్యి ముందు వెళ్లేది ఐరన్ సీసా మీదికే. అందులో వింతేమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ మాత్రలు తెలియని ఇల్లు లేదు. మనకు పనిచేసిన మందు గుర్రానికీ పనిచేస్తుందనుకోవడం సహజం. కానీ గుర్రం సంగతి వేరు.

500 కిలోల గుర్రం రోజుకు, తేమ తీసేసి లెక్కిస్తే, సుమారు 10 కిలోల మేత తింటుంది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2007లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం ఎదిగిన గుర్రానికి కిలో మేతలో 40 మిల్లీగ్రాముల ఇనుము చాలు. అంటే రోజుకు 400. ఎండుగడ్డిలో తరచుగా కిలోకు 100 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. గడ్డికి అంటుకున్న మట్టి దాన్ని ఇంకా పెంచుతుంది. మనం పెట్టే ఉలవల్లోనూ ఇనుము బాగానే ఉంటుంది. కడుపునిండా మేసే గుర్రానికి ఇనుము తక్కువ కావడం చాలా అరుదు.

మరి పరీక్షలో రక్తం తక్కువని ఎందుకు వస్తుంది? చాలాసార్లు కారణం ప్లీహం. గుర్రం తన ఎర్రకణాల్లో మూడోవంతు దాకా ప్లీహంలో దాచుకుంటుంది. ప్రశాంతంగా నిలబడి ఉన్నప్పుడు రక్తంలో ఎర్రకణాల వాటా (వైద్యులు పీసీవీ అనేది) 35-40 శాతం ఉంటే, దౌడు తీసినప్పుడు ప్లీహం ముడుచుకుని ఆ కణాలను బయటికి నెట్టడంతో అది 60 దాటుతుంది. సూది చూసి బెదిరినా అంకె పెరుగుతుంది. పైగా పొట్టి గుర్రాలకు, బరువు లాగే జాతులకు మామూలుగానే ఇది తక్కువ. కాబట్టి ఒక్కసారి తీసిన రక్తంతో రక్తహీనత అని తేల్చడం తొందరపాటే. ఇంకో చిక్కూ ఉంది. రక్తం తగ్గినప్పుడు కుక్కలోనైతే ఎముక మూలుగ లేత ఎర్రకణాలను బయటికి వదులుతుంది. వాటిని చూసి శరీరం కోలుకుంటోందని చెప్పవచ్చు. గుర్రం మూలుగ వాటిని ముదిరేదాకా వదలదు. అందుకే కొన్నాళ్లు ఆగి మళ్లీ పరీక్షించాల్సి వస్తుంది.

నిజంగానే రక్తహీనత ఉంటే అడగాల్సిన ప్రశ్న: రక్తం ఎటు పోతోంది? కడుపులో పుండ్లు, నట్టలు, ఒంటినిండా పిడుదులు, పేలు ఉన్నాయా? పిడుదుల ద్వారా సోకే థైలేరియా, జోరీగలు మోసుకొచ్చే సర్రా ఎర్రకణాలను నాశనం చేస్తాయి. సర్రా క్రిమిని 1880లో పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ అప్పటి పంజాబ్‌లోని గుర్రాలు, ఒంటెల రక్తంలోనే కనుగొన్నాడు. అది ఈనాటికీ మన దేశంలో ఉంది. ఇక దీర్ఘకాలపు చీము, వాపు ఉన్న గుర్రం ఒంట్లో ఇనుము నిల్వలుండగానే శరీరం దాన్ని రక్తంలోకి రానివ్వదు. ఇలాంటప్పుడు టానిక్ పోస్తే జబ్బు లోపలే ముదురుతుంది. నట్టలు, పుండ్ల వల్ల నెలల తరబడి రక్తం పోయిన గుర్రానికి ఇనుము అవసరం కావచ్చు. కానీ ముందు ఆ కారుతున్న చోటు కట్టాలి.

ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి గుర్రం శరీరానికి లేదు. అది కాలేయంలో పేరుకుంటుంది. నెదర్లాండ్స్‌లో ఇనుము ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగిన 21 గుర్రాలు, ఒక గాడిద కాలేయం దెబ్బతిన్నట్టు 2019లో పశువైద్యులు ప్రకటించారు. 1980లలో అమెరికాలో ఇనుము కలిసిన ఒక పోషక మందును పుట్టగానే ఇస్తే గుర్రప్పిల్లలు కాలేయం చెడి చనిపోయాయి. జున్నుపాలు తాగకముందే ఇస్తే ముప్పు మరీ ఎక్కువ. ఐరన్ ఇంజెక్షన్ వికటించి నిలబడ్డ గుర్రం నిలబడ్డట్టే కూలిపోవచ్చు. పందేనికి ముందు బలం కోసమని ఆ సూది వేయించేవారు ఈ మాట తప్పక వినాలి.

గుర్రం నీరసపడితే చిగుళ్లు, పేడ, చర్మం చూడండి. పశువైద్యునితో రక్తపు పూత పరీక్ష, పేడ పరీక్ష చేయించండి. ఇనుము కొరతేనని అనుమానముంటే ఒంట్లో ఇనుము నిల్వలను చూపే, గుర్రాలకు సరిపోయే ఫెరిటిన్ పరీక్ష అడగండి. రక్తంలోని ఇనుము అంకె ఒక్కటే చాలదు. సర్రా, థైలేరియా నిర్ధారణకు హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. ఆ ఫలితాలు చేతికి వచ్చేదాకా ఐరన్ సీసా మూత తీయకండి.