బుల్లి కారుకి ఏ సర్వో?

దోహాలో పిల్లలతో రిమోట్ కార్లు ఆడించే నాన్నలకి రెండు మాటలు. ముందు చక్రాలని తిప్పే బుల్లి మోటారే సర్వో. కొనేటప్పుడు అందరం దాని బలమే చూస్తాం. చక్రం ఇరుక్కున్నప్పుడు అది లాగే కరెంటు, అదే స్టాల్ కరెంట్, కూడా చూడండి. 9 గ్రాముల ఎస్‌జీ90 సుమారు 700 మిల్లీఆంపియర్లు లాగితే, ఎంజీ996ఆర్ 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. సర్వోకి కరెంటిచ్చే బీఈసీ 1 ఆంపియరుదే అయితే వోల్టేజీ పడిపోయి రిసీవర్ ఆగిపోవచ్చు. అప్పుడు కారు మన మాట వినదు, పిల్లల కాళ్ళ మీదికే రావచ్చు. అందుకే మావాడి చిన్న కారుకి నేను చిన్నదే బిగించాను. దాని పళ్ళచక్రాలు ప్లాస్టిక్‌వి, పెద్ద బండికి ఆగవు.

ఇక్కడి ఇసుక స్టీరింగ్ కీళ్ళలో చేరితే ఏ సర్వో అయినా ఇరుక్కుంటుంది. కొత్తది కొనేముందు సర్వో కడ్డీ విప్పి, చక్రాలు చేత్తో తిప్పి చూడండి. బిగువుగా ఉంటే ముందు బ్రష్షుతో దులపండి. ఖర్చు తప్పినా తప్పొచ్చు. సెలవు.