సముద్రం అందరిదీ... డాబా తాళం ఎవరిది?

‘మరో చరిత్ర’ చూసినవాళ్ళకి విశాఖ సముద్రం గురించి వేరే చెప్పాలా! 1978లో బాలచందర్ ఆ ఒడ్డున కమల్‌హాసన్‌నీ, కొత్తమ్మాయి సరితనీ నలుపు తెలుపుల్లో చూపించి మనందరినీ ఏడిపించారు. ఆ ఒడ్డునే ఓ వాటా అద్దెకు దొరికితేనా... అని కలలుగన్న వెర్రివాళ్ళలో నేనొకణ్ణి.

దొరికింది! పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. ఓనరుగారు లోపలంతా కొత్తగా చేయించారు. కొత్త టైల్సు, కొత్త వంటగట్టు, గోడలకి తెల్లరంగు. బాల్కనీలో నిలబడితే ఎదురుగా సముద్రం, కుడిచేతివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ. అద్దె ఎంతో పూర్తిగా వినకుండానే తలూపేశాను.

ఎంత మేకప్ వేసినా క్లోజప్‌లో దొరికిపోతుంది కదండీ! మూణ్ణెల్లు తిరక్కుండా కిటికీ ఊచలమీద రంగు పొక్కులు లేచింది. ఉప్పుగాలి మహిమ! తుంపరతో వచ్చిన ఉప్పు ఇనుముమీద పేరుకుని, గాల్లో తేమని పట్టి ఉంచుతుంది. ఇక తుప్పుకి పండగే. అది సిమెంటులోకి దిగిందా, లోపలి చువ్వ ఉబ్బి పెచ్చులూడతాయి. అంచేత ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు టైల్సు చూసి మురిసిపోకండి. తలుపు బందులు చూడండి, తలెత్తి పై బాల్కనీ అడుగు చూడండి.

ఇక అసలు కథ. లిఫ్టు, జనరేటరు, కమ్యూనిటీ హాలు, డాబా అన్నిటికీ కలిపి నెలనెలా మెయింటెనెన్సు కట్టేది అద్దెవాళ్ళం. డాబా తాళం మాత్రం ఓనర్లకేనట! సెక్రటరీగారిని అడిగితే, “అద్దెకున్నవాళ్ళు ఇవాళ ఉంటారు, రేపు పోతారు” అన్నారు.

మాట గుచ్చుకుంది. ఆదివారం మీటింగుకి ఆరు వాటాలవాళ్ళం అగ్రిమెంట్లు, రసీదులు పట్టుకుని వెళ్ళాం. రసీదులో ‘డాబా శుభ్రం’ అని మా చేత వసూలు చేసిన పద్దు స్పష్టంగా ఉంది. సెక్రటరీగారు రెండుసార్లు చదివారు, కళ్ళజోడు తీశారు, తాళం ఇచ్చారు. “రాత్రి పదికల్లా దిగిపోవాలి” అని షరతు!

ఆ శనివారమే దుప్పటి కట్టి, ప్రొజెక్టరు పెట్టి ‘మరో చరిత్ర’ వేశాం. గాలికి దుప్పటి ఊగితే కమల్‌హాసన్ ముఖం ఉబ్బుతోంది, పిల్లలు ఒకటే నవ్వు. ఇంటర్వెల్ దాటాక మెట్లమీద చప్పుడు... సెక్రటరీగారు! తన కుర్చీ తనే మోసుకుంటూ వచ్చారు. పెళ్ళికి ముందు మూడుసార్లు చూశార్ట.

పదిన్నరైనా ఆయన లేవలేదు.