బదులు పలికే పాత్రధారి

వార్షికోత్సవానికి నాటకం సాధన చేస్తున్నప్పుడు ఒక పాత్రధారి రాకపోతే మనం సాధన ఆపివేయము. మరొకరు నాటక ప్రతి చేతబట్టుకొని ఆ పాత్ర సంభాషణలను అందిస్తారు. కంప్యూటరు ప్రోగ్రాములను పరీక్షించేవారు కూడ ఇట్టి ఏర్పాటునే చేసుకొన్నారు. దానికి ‘మాక్’ అని పేరు. తెలుగు ఉపన్యాసకునికి దీనితో ఏమి పని అని విద్యార్థులు అడుగవచ్చును. గత సంవత్సరం ఒక విద్యార్థికి కలిగిన అనుభవమే నన్నీ విషయం వైపు నడిపించినది.

2013లో ఆరంభమైన ‘ఎలక్ట్రాన్’ అనే చట్రంతో నిర్మించిన డెస్క్‌టాప్ అప్లికేషను చూచుటకు ఒక్కటే. కాని లోపల పని చేసే ప్రాసెసులు ఒకటికి మించి ఉంటాయి. కిటికీలో కనిపించేదానిని ‘రెండరర్’ నడుపుతుంది. ఫైళ్లు చదువుట, వ్రాయుట వంటి పనులను ‘మెయిన్’ నిర్వహిస్తుంది. ఒకదాని జ్ఞాపకశక్తిలోనికి మరొకటి తొంగిచూడజాలదు. కనుక అవి సందేశాలు పంపుకొంటాయి. ఈ రాయబారమే ‘ఇంటర్ ప్రాసెస్ కమ్యూనికేషన్’, క్లుప్తంగా ఐపీసీ.

కిటికీ భాగాన్ని మాత్రమే పరీక్షించదలచినప్పుడు మెయిన్ స్థానంలో మాక్‌ను నిలుపుతారు. పుస్తకాల జాబితా కావాలని రెండరర్ అడిగితే, ముందే సిద్ధపరచిన జాబితాను మాక్ అందిస్తుంది. అసలు ఫైళ్లకు హాని లేదు, కాలం కలిసివస్తుంది. ఫైలు దొరకకపోవుట వంటి అరుదైన ఆపదలను కోరినప్పుడు కల్పించి చూడవచ్చును. ‘టౌరీ’ అనే మరొక చట్రంలో ఇందుకై ‘మాక్‌ఐపీసీ’ అనే సాధనమే ఉన్నది.

ఇంత సౌకర్యంలోను ఒక ప్రమాదం దాగి ఉన్నది. మన విద్యార్థి గ్రంథాలయ నిర్వహణకు ఒక అప్లికేషను తయారుచేసినాడు. ప్రతి పుస్తకం వివరాలతోపాటు ఆలస్య రుసుమును లెక్కగట్టే ఫంక్షనును కూడ జతపరచినాడు. మాక్‌తో జరిపిన పరీక్షలన్నీ నెగ్గినవి. కాని పరీక్షకుల ఎదుట అసలు అప్లికేషను తెరవగా కిటికీ ఖాళీగా నిలిచినది! కారణమేమి? మాక్ అదే ప్రాసెసులో ఉండి వస్తువును ఉన్నదున్నట్లు చేతికందించినది. అసలు మార్గంలో సందేశానికి నకలు తీసి పంపవలెను. ఆ నకలు పద్ధతిలో అంకెలు, అక్షరాలు, జాబితాలు దాటిపోతాయి. ఫంక్షను దాటదు, దోషం పుడుతుంది. కవరులో ఉత్తరాన్ని పంపగలము గాని, దానిని చదివి వినిపించే మనిషిని పంపగలమా?

కావున మాక్‌ను నమ్మదగినదిగా చేయుటకు కొన్ని నియమాలు అవసరం. సందేశాల పేర్లు, వాటి స్వరూపం ఒకేచోట నిర్ణయించి, అసలు ప్రాసెసూ మాకూ రెండును దానినే అనుసరించవలెను. మాక్ ఇచ్చే సమాధానాన్ని జావాస్క్రిప్టులోని ‘స్ట్రక్చర్డ్‌క్లోన్’ గుండా పంపితే ఇట్టి దోషం అప్పుడే బయటపడుతుంది. మాక్ విజయాన్నే గాక వైఫల్యాన్నీ, ఆలస్యాన్నీ అభినయించవలెను. ఒక పరీక్ష ముగియగానే దానిని తొలగించవలెను. లేనిచో పాత సమాధానం తర్వాతి పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. కొన్ని పరీక్షలనైనా అసలు ప్రాసెసులతోనే జరుపవలెను.

ఆ విద్యార్థి రుసుము లెక్కను కిటికీ వైపునకు మార్చి, రెండవ పర్యాయం కృతార్థుడైనాడు. ప్రతి చేతబట్టినవారు ఎంత చక్కగా పలికినను, అసలు పాత్రధారితో ఒక్కసారియైన సాధన చేయక తెర ఎత్తరాదు.