ఉద్యోగం పోయాక బిజినెస్ క్లాస్ ఎక్కాను

రెండేళ్లపాటు నెలకు రెండుసార్లు బెంగళూరు నుంచి ఢిల్లీకి తిరిగాను. మా క్లయింట్ ఆఫీసు గురుగ్రామ్‌లో. సోమవారం తెల్లవారుజామున ఫ్లైట్, గురువారం రాత్రి తిరుగు ఫ్లైట్. టికెట్ కంపెనీది, నడుం నొప్పి నాది. దాదాపు ప్రతిసారీ వెనక వైపు మధ్య సీటే. లోపలికి వెళ్లగానే ముందు వరసల్లో కాళ్లు చాపుకుని జ్యూస్ తాగేవాళ్లు కనిపించేవారు. వాళ్లను ఓరగా చూసుకుంటూ బ్యాగు ఈడ్చుకుని వెనక్కి వెళ్లిపోయేవాణ్ని.

ఈ ఏడాది ఆ ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల వీడియో కాల్, తర్వాత ఒక మెయిల్. లాప్‌టాప్ తీసుకెళ్లడానికి కొరియర్ అబ్బాయి వచ్చాడు. అంతే. నాకు మిగిలింది ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ఖాతాలోని పాయింట్లు. టికెట్ డబ్బు కంపెనీ కట్టినా పాయింట్లు ప్రయాణికుడి పేరు మీదే పడతాయి కదా!

మూడు వారాలకు గురుగ్రామ్‌లోనే ఇంకో కంపెనీ ఫైనల్ రౌండ్‌కి స్వయంగా రమ్మంది. ఛార్జీలు మాత్రం నేనే పెట్టుకోవాలి. యాప్ తెరిచి చూశా. ఉన్న పాయింట్లకు బిజినెస్ క్లాస్ టికెట్ ఒకటి వస్తుంది. లేదంటే ఎకానమీ టికెట్లు రెండు.

ఆ రెండు టికెట్లు ఎవరివో నాకు తెలుసు. రాజమండ్రిలో ఉన్న అమ్మానాన్నలు ఇంతవరకు విమానం ఎక్కలేదు. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు. అమ్మకు కాశీ చూడాలని ఎప్పట్నుంచో ఉంది. "హైదరాబాద్ నుంచి విమానంలో రెండు గంటలేనటరా" అని ఎవరో చెప్పిన మాట నాకు చాలాసార్లు చెప్పింది.

ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నా. చివరికి నాకే బుక్ చేసుకున్నా. గొప్ప కారణమేమీ లేదు. మూడు వారాలుగా రిజెక్షన్ మెయిళ్లు చదివీ చదివీ, ఒక్కసారి ముందు వరసలో కూర్చోవాలనిపించింది.

ముందు ఏముంటుంది?

బిజినెస్ క్లాస్‌కి చెక్-ఇన్ కౌంటర్ వేరు. క్యూలో నా ముందు ఒక్కరే ఉన్నారు. ఎకానమీలో మామూలుగా 15 కిలోల లగేజీ అయితే ఇక్కడ అంతకంటే చాలా ఎక్కువ ఇస్తారు. నా దగ్గర ఉన్నది మాత్రం ఒక బ్యాక్‌ప్యాక్, ఇస్త్రీ చేసిన చొక్కా. లౌంజ్ ఉచితం. అయితే లౌంజ్ ఇప్పుడు పెద్ద విశేషమేం కాదు. క్రెడిట్ కార్డు గీకి వచ్చినవాళ్లతో లోపల కూడా ఇడ్లీ కోసం క్యూ ఉంది.

విమానంలోకి ముందుగా పిలుస్తారు. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. నేను కూర్చున్నాక మిగతా నూట యాభై మందీ నా పక్కనుంచే వెనక్కి వెళ్లారు. కొందరు ఓరగా చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు, రెండేళ్లు నేను చూసిందే. ఎటు చూడాలో తెలియక ఫోన్‌లో పాత మెసేజ్‌లు చదువుకున్నా.

సీటు మాత్రం బాగుంది. అబద్ధం చెప్పను. వెడల్పుగా ఉంది, మోకాళ్లు దేనికీ తగల్లేదు, వెనక్కి వాలితే వెనకవాళ్లకు సారీ చెప్పాల్సిన పని లేదు. వేడి టవల్ ఇచ్చారు. పింగాణీ ప్లేట్లు, స్టీలు స్పూన్లతో టిఫిన్ పెట్టారు. మందు గురించి అడిగే ఫ్రెండ్స్‌కి ఒక మాట: మన దేశంలో డొమెస్టిక్ ఫ్లైట్లలో ఏ క్లాసులోనూ మద్యం ఇవ్వరు.

సీటు పూర్తిగా మంచంలా పరుచుకుంటుందని అనుకుంటే మాత్రం పొరపాటే. చిన్న విమానాల్లో ఉండేది వెనక్కి వాలే సీటే. ఢిల్లీ, ముంబై, బెంగళూరు లాంటి రూట్లలో కొన్నిసార్లు పెద్ద అంతర్జాతీయ విమానాలు తిప్పుతారు. పడుకునే సీట్లు దొరికేది వాటిలో. బుక్ చేసే ముందు ఏ రకం విమానమో చూసుకోండి.

పక్క సీటాయన

పక్కన యాభై ఏళ్లాయన. లాప్‌టాప్ మూసి, నవ్వుతూ, "బిజినెస్ ట్రిప్పా?" అన్నారు ఇంగ్లీషులో.

"అవును సార్."

"ఏ కంపెనీ?"

పాత కంపెనీ పేరు చెప్పేశా. నోట్లోంచి అదే వచ్చింది. ఆయన తలూపి, "గుడ్ కంపెనీ. బాగా చూసుకుంటారన్నమాట" అన్నారు. నేనూ తలూపా. ఉప్మా గొంతు దిగలేదు.

కాసేపాగి ఆయనే అన్నారు: "నాకూ ఇది కంపెనీ టికెట్టే. మా ఆవిడతో వెళ్తే ఎకానమీలోనే వెళ్తాం. సొంత డబ్బుతో ఎవరు కొంటారు?"

నిజానికి ఈ క్లాసు పుట్టిందే అలా. 1970ల చివర్లో చవక టికెట్లు పెరిగాయి. పూర్తి ఛార్జీ కట్టే వ్యాపార ప్రయాణికులు, వాళ్ల పక్కనే చౌకగా వచ్చినవాళ్లు కూర్చునే పరిస్థితి వచ్చింది. ఎక్కువ కట్టేవాళ్లను విడిగా కూర్చోబెట్టాలనే ఆలోచన అప్పుడు మొదలైంది. ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ 1979లోనే బిజినెస్ క్లాస్ తెచ్చింది. మన దగ్గర పన్ను లెక్క కూడా తేడానే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ టికెట్‌పై జీఎస్టీ 5 శాతమైతే, బిజినెస్ క్లాస్‌పై 18 శాతం. అంతకుముందు 12 ఉండేది. ఆఫీసు పని మీద తిరిగితే కంపెనీ ఆ పన్నును తన లెక్కల్లో సర్దుకోవచ్చు. మనకు ఆ దారి లేదు.

ఇంజనీర్ లెక్క

నిద్ర రాలేదు. ఇంటర్వ్యూ కోసం నోట్స్ తెరిచా, ఎక్కలేదు. ఊరికే సీట్లు లెక్కపెట్టా. ముందు రెండు వరసలు, వరసకు నలుగురు, మొత్తం ఎనిమిది మంది. వరసకీ వరసకీ మధ్య సుమారు 40 అంగుళాలు, రెండింటికీ కలిపి 80. ఎకానమీలో ఆ దూరం 29 అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే 80 అంగుళాల్లో మూడుకు కాస్త తక్కువ వరసలు పడతాయి. వరసకు ఆరుగురు. మేం ఎనిమిది మంది కూర్చున్న చోట దాదాపు పదహారు మంది కూర్చోవచ్చు.

నా ఒక్క సీటు జాగాలో ఇద్దరు. ఇంకేముంది, అమ్మా నాన్నా గుర్తొచ్చారు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ పాయింట్లు ఊరికే రాలేదు. నాన్న కంటి ఆపరేషన్ రోజున నేను ఇదే రూట్లో 35 వేల అడుగుల ఎత్తులో ఉన్నా. అమ్మ ఒక్కతే ఆయన్ని ఆటోలో తీసుకెళ్లి తీసుకొచ్చింది. రెండు సంక్రాంతులకు ఇంటికి వెళ్లలేదు. పాయింట్లలో వాళ్ల వాటా కూడా ఉంది. మొత్తం నేనే వాడేశా.

నాన్న అడిగిన ప్రశ్న

రెండు గంటల నలభై అయిదు నిమిషాల తర్వాత ఢిల్లీలో దిగా. బ్యాగేజీ దగ్గర 'ప్రయారిటీ' ట్యాగ్ ఉన్న సూట్‌కేసులు కొన్ని, ట్యాగ్ లేని వాటి తర్వాతే వచ్చాయి. ఇంటికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశా, టికెట్ సంగతి కూడా.

అమ్మ ముందు అడిగింది: "కాళ్లు చాపుకుని కూర్చున్నావా? టిఫిన్ ఏం పెట్టారు?"

తర్వాత నాన్న ఫోన్ తీసుకున్నారు. "మిగతావాళ్లకంటే ముందే దింపారా?"

"లేదు నాన్నా, అందరూ ఒకేసారి."

"మరి దేనికిరా? మా సూపర్ లగ్జరీకి ఎక్కువ కడితే స్టాపులన్నా తగ్గేవి."

నవ్వొచ్చింది. ఆయన మాటలో లాజిక్ ఉంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ వేర్వేరు బస్సులు. విమానంలో అవన్నీ ఒకే బస్సులో ఉంటాయి, మధ్యలో కర్టెన్ కడతారు. పీల్చే గాలీ, చేరే టైమూ అందరికీ ఒకటే.

మరి ఎవరు కొనాలి?

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, దిగగానే మీటింగుకి పరుగెత్తాల్సినవాళ్లకు, బాగా పొడుగ్గా ఉన్నవాళ్లకు ఈ సీటు నిజంగా పనికొస్తుంది. అయినా మొదటే పూర్తి ధర పెట్టకండి. ఎకానమీ టికెట్ కొన్నాక చాలా సంస్థలు తక్కువ ధరకు అప్‌గ్రేడ్ ఆఫర్ చూపిస్తాయి. ప్రయాణం దగ్గరపడే కొద్దీ యాప్ చూస్తూ ఉండండి. కాళ్లు చాపుకోవడమే ముఖ్యమైతే మొదటి వరస సీటుకు కాస్త అదనంగా కడితే చాలు. పెద్దవాళ్లకు ఎమర్జెన్సీ ఎగ్జిట్ పక్క సీటు మాత్రం తీసుకోకండి, అక్కడ వాళ్లను కూర్చోనివ్వరు. నడవలేనివాళ్లకు వీల్‌చైర్ ఉచితం, ముందే అడిగి పెట్టుకోవాలి.

ఆ ఇంటర్వ్యూలో నాకు ఉద్యోగం రాలేదు. "ప్రస్తుతం ఎక్కడ చేస్తున్నారు?" అని అడిగితే, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పా. ఆరు వారాల తర్వాత బెంగళూరులోనే వేరే ఉద్యోగం దొరికింది. జీతం కాస్త తక్కువ, ప్రయాణాలు లేవు. పాయింట్లు కూడా రావు.

హైదరాబాద్ నుంచి వారణాసికి మూడు టికెట్లు నిన్నే బుక్ చేశా. ఎకానమీ, సొంత డబ్బు. నాన్నకు కిటికీ పక్కన, అమ్మకు నడవ పక్కన. మధ్య సీటు నాది, అలవాటే కదా.