మందు గుణం నాలుకకు తెలుస్తుందా?

కాకరకాయ చేదనీ, చింతపండు పులుపనీ నోట్లో వేసుకోగానే చెప్పేస్తారు. మరి ఏదో ఒక వేరును నమిలి, అది జ్వరం తగ్గిస్తుందో, హాని చేస్తుందో చెప్పగలరా? చెప్పవచ్చనే పూర్వం చైనా వైద్యులు నమ్మారు.

చైనా పురాణాల్లో షెన్‌నాంగ్ అనే చక్రవర్తి ఉన్నాడు. ప్రజలకు వ్యవసాయం నేర్పినవాడు ఆయనే. ఏ మొక్క మంచిదో, ఏది విషమో తెలుసుకోవడానికి ఆయన నూరు మొక్కల్ని స్వయంగా రుచి చూశాడట. ఒక్క రోజులోనే డెబ్భై విషాలు తగిలాయట! ఇది కథే. అయితే ఆయన పేరుతో దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక నిజమైన వైద్యగ్రంథం వెలువడింది. అందులో 365 మందులున్నాయి. ప్రతి మందుకూ పేరు తరవాత చెప్పేది దాని రుచే.

మనం రుచులు ఆరంటాం. చైనా వైద్యులు ఐదన్నారు: కారం, తీపి, పులుపు, చేదు, ఉప్పు. వగరును పులుపులో కలిపేశారు. కారం చెమట పట్టిస్తుంది, తీపి బలమిస్తుంది, పులుపు కారిపోయేదాన్ని ఆపుతుంది, చేదు ఒంట్లో వేడిని దించుతుంది, ఉప్పు గట్టిపడినదాన్ని మెత్తబరుస్తుంది అన్నది వారి లెక్క.

ఇందులో నిజమెంత? కొంత ఉంది. పురుగులూ పశువులూ తినెయ్యకుండా మొక్కలు కొన్ని ఘాటైన రసాయనాలు తయారుచేసుకుంటాయి. వాటిలో చాలావాటి రుచి చేదు. చేదును పసిగట్టడానికే మన శరీరంలో సుమారు 25 రకాల గ్రాహకాలున్నాయి. అంటే నాలుక మంచి కాపలాదారు అన్నమాట. "ఇందులో ఏదో ఉంది, జాగ్రత్త!" అంటుంది. కాని ఆ 'ఏదో' లోపలికి వెళ్లి ఏం చేస్తుందో చెప్పలేదు.

పుదీనానే తీసుకోండి. చైనా వైద్యంలో అది చలువ చేసే మందు. నమిలితే నోరు చల్లబడినట్టే ఉంటుంది. నిజానికి అక్కడ వేడి తగ్గదు. పుదీనా జాతి మొక్కల్లోని మెంథాల్, చలిని గుర్తించే నాడులను తట్టి లేపుతుంది. నాలుక మోసపోయిందన్నమాట.

అతిమధురం సంగతి చూడండి. చైనా వైద్యుల మందుల్లో తరచుగా కనిపించే వేరిది. రుచి కమ్మని తీపి. కాని రోజూ ఎక్కువగా తింటే శరీరంలో ఉప్పూ నీరూ నిలిచిపోయి, పొటాషియం తగ్గి, రక్తపోటు పెరుగుతుంది. ఆ కబురు నాలుక చెప్పదు.

ఇంతకన్నా ఘోరం 1990ల తొలినాళ్లలో బెల్జియంలో జరిగింది. లావు తగ్గడానికి వాడిన మందులో ఒక చైనా వేరుకు బదులు, పేరు దగ్గరగా ఉన్న వేరొక మొక్క వేరు కలిసింది. దానిలోని విషం నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండాలను పాడుచేసింది. కొందరికి కాన్సర్ కూడా వచ్చింది. విషం నెలల తరబడి మెల్లగా పనిచేస్తే నాలుక ఏం చేస్తుంది? మన ఈశ్వరి తీగ కూడా ఆ జాతి మొక్కే సుమా!

మరి మందు గుణం తెలిసేదెలా? చైనా శాస్త్రవేత్త తూ యూయూ 1969లో మలేరియాకు మందు వెతకడం మొదలుపెట్టింది. చింగ్‌హావ్ అనే మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని 4వ శతాబ్దపు గ్రంథం ఒకటి చెబుతోంది. కాచమని లేదు! వేడికి మందు చెడుతుందేమోనని ఆమె 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971లో అది ఎలుకల్లో, కోతుల్లో మలేరియాను పూర్తిగా అణచింది. 1972లో రోగులకిచ్చే ముందు, హాని లేదని తేల్చుకోవడానికి ఆమే, మరి ఇద్దరు సహోద్యోగులూ వైద్యుల పర్యవేక్షణలో ఆ సారం పుచ్చుకున్నారు. ఆ సారంలోని మందే ఆర్టిమిసినిన్. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

చూశారా తేడా? షెన్‌నాంగ్ కథలో నోట్లో వేసుకోవడమే మొదటి మెట్టు. తూ యూయూ పరిశోధనలో అది ఎన్నో పరీక్షల తరవాతి మెట్టు. పెరట్లోనో, పొలంగట్టునో తెలియని మొక్క కనిపిస్తే ఆకు గీసుకోండి, పువ్వు పరిశీలించండి, పేరు పెద్దల్ని అడగండి. నోట్లో మాత్రం పెట్టుకోకండి.